మొదటి కాలమే అసలు పరీక్ష: బ్యాలే కడ్డీ నుంచి కూచిపూడి అడుగు దాకా

ఈరోజు స్పీడ్ గురించి కాదు, నెమ్మది గురించి మాట్లాడుకుందాం.

నేనుండేది యూసుఫ్‌గూడ. పక్కనే కృష్ణానగర్, కాస్త పైకెళ్తే ఫిల్మ్‌నగర్. ఇక్కడ గ్రూప్ డాన్స్ చేసేవాళ్లు స్టెప్ చూడగానే పట్టేయాలి. అది వాళ్ల అన్నం. కానీ ఆ అన్నం మోకాళ్ల మీద ఆధారపడి ఉంది కదా! ఆ మోకాళ్లని కాపాడే సాధన ఒకటుంది. దాని కథే ఇది.

బ్యాలే క్లాసు గోడ పక్కనున్న కడ్డీ దగ్గర మొదలవుతుంది. దాన్ని బార్ అంటారు. దాని మీద చెయ్యి ఆనించి, మోకాళ్లు మెల్లగా వంచి, మెల్లగా లేవాలి. ఇందులో ఏముంది అనిపిస్తుంది. ఉంది! స్పీడ్‌గా చేస్తే ఊపే మనల్ని మోసేస్తుంది. నెమ్మదిగా చేస్తే కండరమే మోయాలి. మోకాలు కాలివేళ్ల వైపు కాకుండా లోపలికి వాలితే వెంటనే దొరికిపోతాం.

రష్యా డాన్సర్ అన్నా పావ్లోవా పెద్ద స్టార్ అయ్యాక కూడా ఎన్రికో చెకెట్టి అనే గురువు దగ్గర విడిగా పాఠాలు తీసుకుంది. ఏ రోజు ఏ సాధనో ఆయన పద్ధతిలో ముందే రాసిపెట్టి ఉంటుంది. 1920ల చివర్లో రుక్మిణీదేవి పావ్లోవాని కలిశారు, ఆమె బృందంలోని క్లియో నోర్డి దగ్గర బ్యాలే నేర్చుకున్నారు. మీ దేశపు నాట్యం వైపు చూడమని పావ్లోవా చెప్పిందట. 1936లో మద్రాసులో కళాక్షేత్ర పుట్టింది.

అలాగని నెమ్మది మనకి బయటినుంచి రాలేదు. మూడు కాలాలు మన దగ్గర ముందునుంచీ ఉన్నాయి. మొదటి కాలంలో వేసిన అడుగే రెండో కాలంలో రెట్టింపు, మూడో కాలంలో నాలుగు రెట్ల వేగం. తాళం మాత్రం మారదు.

ఇప్పుడు మన సినిమా దగ్గరికి వద్దాం. దేవదాసు తీసిన వేదాంతం రాఘవయ్య, మాయాబజార్ నాట్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి, ఇద్దరిదీ కూచిపూడి సంప్రదాయమే. అదే ఊరి వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఊళ్లో మగపిల్లలు ఇంట్లో, మేళంలో నేర్చుకునే విద్యని, సిటీ అమ్మాయిలూ నేర్చుకునేలా అడుగుల వారీగా వరసలో పెట్టారు. శంకరాభరణంలో మంజుభార్గవి ఆయన శిష్యురాలే. ఇంకో శిష్యురాలు శోభానాయుడు ఆ చదువుని హైదరాబాద్ తెచ్చి, 2020లో కన్నుమూసేదాకా ఇక్కడే ఎంతోమందిని తయారుచేశారు.

మొదటి కాలం చిన్నపిల్లల పాఠం అనుకుంటారు చాలామంది. నాకైతే అదే కష్టం అనిపిస్తుంది. అరమండిలో కూర్చుని, ఒక్కో తాళానికి ఒక్కో అడుగు వేసి చూడండి. నడుము లేచిపోవడం, మడమ జారడం, చెయ్యి వాలిపోవడం, అన్నీ బయటపడతాయి. మూడో కాలంలో అవి ఉండవని కాదు, కనపడవు అంతే! ఆ కనపడని తప్పే రోజుకి వందసార్లు మోకాలి మీద పడుతుంది.

అందుకే రీల్ తీసే ముందు ఒక్క పని చేయండి. ఒకే అడుగు, మొదటి కాలంలో, ఐదు నిమిషాలు. ఫోన్ ఎదురుగా పెట్టి రికార్డ్ చేసుకోండి. ఎక్కడికీ పోస్ట్ చేయొద్దు, మీరు మాత్రమే చూసుకోండి. పావ్లోవాకే తప్పని సాధన, మనకెందుకు తప్పుతుంది?

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి!