సీసాకు చుట్టిన తంగూసు, మళ్ళీ వచ్చిన రీలు

మెండోర మండలంలోని పోచంపాడు దగ్గర గోదావరికి అడ్డంగా శ్రీరాంసాగర్ కట్ట ఉంది. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు. 42 వరద గేట్లు, నిండు మట్టం 1091 అడుగులు. సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. అయినా సముద్రపు ఒడ్డున గాలపు దారం చుట్టుకోవడానికి వాడే రీలు కథ ఇక్కడినుంచే మొదలుపెడతాను. గాలం వేసే కుర్రాడు ఖాళీ సీసాకు తంగూసు చుట్టుకుంటాడు. కొసన ఒక బరువు, ఎర్రను గుచ్చిన గాలం. సీసా మూతిని నీళ్ళవైపు పట్టి, బరువును గిరగిరా తిప్పి వదులుతాడు. సీసా కదలదు. తంగూసే దాని అంచు మీంచి చుట్లుచుట్లుగా జారిపోతుంది. ఈ కిటుకు రీలులోకి ఎక్కడానికి ఏడు వందల ఏళ్ళు పట్టింది.

చైనా చిత్రకారుడు మా యువాన్ 1195 ప్రాంతంలో వేసిన బొమ్మలో పడవ మీద ఒంటరిగా గాలం వేస్తున్న మనిషి ఉన్నాడు. అతని కర్రకు చిన్న చక్రం కనిపిస్తుంది. రీలు కనిపించే బొమ్మల్లో మనకు దొరికిన తొలిది అదే. ఇంగ్లాండులో 1651లో థామస్ బార్కర్ పుస్తకంలో దాని ప్రస్తావన వస్తుంది. అవన్నీ బావి గిలకలాగా తిరిగే రీళ్ళే. విసిరినప్పుడు చక్రం వేగం అందుకుంటుంది. బరువు నీళ్ళలో పడ్డాక కూడా ఆగదు. ఆపే బొటనవేలు ఒక్క క్షణం ఏమరిస్తే దారం గూడు కట్టేస్తుంది. తేలికపాటి ఎరకైతే అంత చక్రాన్ని తిప్పే శక్తే ఉండదు.

1884లో స్కాట్లాండులోని పెర్త్‌కు చెందిన పీటర్ మాలక్ సగం దారి కనిపెట్టాడు: విసిరేటప్పుడు చక్రాన్ని పక్కకు మళ్ళిస్తే దారం అంచు మీంచి జారుతుంది, చుట్టేటప్పుడు మళ్ళీ మామూలుగా తిప్పుకోవాలి. కానీ దారం మెలికలు పడేది.

మిగతా సగం బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లులోంచి వచ్చింది. ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ 1905లో పేటెంటు తీసుకున్న రీలులో కండె అసలు తిరగదు. దాని చుట్టూ చిన్న చెయ్యి తిరుగుతూ దారాన్ని చుడుతుంది. నూలు కండె మీంచి పోగు జారడం చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందంటారు. నమ్మదగ్గ మాటే, మగ్గం ఎరిగిన వాళ్ళెవరికైనా తట్టేదే. 1930ల్లో హార్డీ కంపెనీ ఆల్టెక్స్ వచ్చేసరికి దారాన్ని తనంతట తానే పట్టుకునే తీగ కమ్మీ, అంటే బెయిల్, అమరింది. ఇక చుట్టేముందు దారాన్ని వేలితో అందుకోనక్కర్లేదు.

అయినా అది ఇంటింటి వస్తువు కావడానికి నైలాన్ రావలసి వచ్చింది. అప్పటి పట్టుదారాన్ని ప్రతిసారీ ఆరబెట్టాలి, లేకపోతే కుళ్ళుతుంది. 1938లో డ్యూపాంట్ నైలాన్‌ను ప్రకటించింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఒంటిపోగు తంగూసు, ఫ్రాన్సులోని క్లూజ్‌లో తయారైన మిచెల్ రీలు లోకమంతా తిరిగాయి.

సముద్రం మాత్రం వేరే పరీక్ష పెట్టింది. ఉప్పు లోహాన్ని తింటుంది, ఇసుక పళ్ళచక్రాల్లో దూరుతుంది. 1932లో ఫిలడెల్ఫియాలో ఒట్టో హెంజ్ స్థాపించిన పెన్ కంపెనీ 1961లో స్పిన్‌ఫిషర్ తెచ్చింది. అందులో 704, 706 రకాలు అలల్లో నిలబడి వేసేవాళ్ళ చేతుల్లో పేరు తెచ్చుకున్నాయి. నిండు లోహం, బరువు, కొన్ని మరలు విప్పితే లోపలంతా కనిపించే తీరు. తర్వాత కాలం తేలికదనాన్ని కోరింది. బేరింగులు పెరిగాయి, పాతవి ఆగిపోయాయి. పాత సామాను సంతల్లో వాటి వెతుకులాట మొదలయ్యాక, పెన్ 704జెడ్, 706జెడ్‌లను మళ్ళీ తయారుచేసింది.

దీన్ని పాతమీది మోజని కొట్టిపారేయడం తేలిక. మోజూ ఉంది, కాదనను. కానీ చీకట్లో మెడలోతు అలలో నిలబడ్డవాడికి, ఇంటికొచ్చి తానే విప్పి గ్రీజు పెట్టుకోగల యంత్రం వేరు, కంపెనీకి పంపాల్సిన యంత్రం వేరు. మోటారు కాలిపోతే రాత్రికి రాత్రే చుట్టించుకునే పసుపు రైతుకు ఈ తేడా చెప్పనక్కర్లేదు.

అసలు విశేషం 706లో ఉంది. దానికి బెయిల్ ఉండదు. స్ప్రింగు విరగడం, విసురు మధ్యలో కమ్మీ టక్కున మూసుకుని దారం తెగిపోవడం భరించలేక, ఒడ్డున వేసేవాళ్ళు ఆ కమ్మీనే వద్దనుకున్నారు. 1990ల్లో వచ్చిన ఖరీదైన వాన్ స్టాల్ రీళ్ళు కూడా బెయిల్ లేకుండానే పేరు తెచ్చుకున్నాయి. విసిరే ముందు దారాన్ని చూపుడువేలికి తగిలించుకోవాలి. బరువు నీళ్ళలో పడగానే మళ్ళీ ఆ వేలితోనే అందుకుని దారాన్ని కండెకు మళ్ళించే చిన్న గిలక, అంటే రోలరు, మీద వేయాలి.

పోచంపాడు కట్ట కింద సీసా పట్టుకున్న కుర్రాడు కూడా బరువు మునగగానే తంగూసును వేలిమీదికి లాక్కుంటాడు. జెల్ల కొరికితే ముందు తెలిసేది ఆ వేలికే.