గాజుతొట్టెలో నిదానపు మొక్క
(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ముందుగదిలో ఒక చేపలతొట్టె పెట్టుకోవడం పట్నాల్లో ఇప్పుడు మామూలైపోయింది. పిల్లలు సరదాపడతారు, కొనిపెడతాం. రెండు మూడు వారాలు ఇంటిల్లిపాదీ దాని చుట్టూనే తిరుగుతారు. ఆ తరువాత? నీళ్ళు మార్చేదీ, అద్దం తుడిచేదీ, చేపకి మేత వేసేదీ ఇల్లాలే! అందుకే ఆ తొట్టె పుట్టుక కథ మీతో చెప్పుకోవాలనిపించింది. ముఖ్యంగా అందులో ఎవరూ పట్టించుకోని మొక్క సంగతి.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పేసుకుంటాను. మా అబ్బాయి పోరు పడలేక ఒక తొట్టె కొన్నాం. క్రిప్టోకొరైన్ అనే మొక్కలు నాలుగు తెచ్చి ఇసకలో నాటాం. అయిదో రోజుకల్లా ఆకులు గాజుకాగితంలా పలచబడి, ముట్టుకుంటే జావలా కరిగిపోవడం మొదలెట్టాయి. "ఇంకేముంది, చచ్చిపోయాయి" అని నాలుగూ పీకి పెరట్లో పారేశాను. పారేస్తుంటే వేళ్ళు తెల్లగా, గట్టిగా కనిపించాయి. అయినా ఆలోచించలేదు. అవి చావలేదనీ, చోటు మారినందుకు పాత ఆకు వదిలేశాయనీ, ఒక్క నెల ఆగితే కొత్త ఆకు వేసేవనీ తరువాత చదివి తెలుసుకున్నాను. బతికున్నవాటిని నా చేతులతో నేనే పారేశానన్నమాట. ఆ బాధతోనే ఈ విషయం వెనక్కి వెనక్కి చదువుకుంటూ పోయాను.

కథ మన వంటింటి పుదీనాతో మొదలవుతుందంటే నమ్ముతారా? 1771లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఆయన మూసిన గాజుపాత్రలో కొవ్వొత్తి వెలిగించి, అది ఆరిపోయిన తరువాత ఆ చెడిన గాలిలో ఒక పుదీనా రెమ్మ పెట్టాడు. కొన్నాళ్ళకి అదే గాలిలో కొవ్వొత్తి మళ్ళీ వెలిగింది. మొక్క గాలిని బాగుచేస్తుందన్నమాట. మరి ఎప్పుడు చేస్తుంది? 1779లో ఇంగెన్‌హౌజ్ అనే డచ్చి వైద్యుడు దానికి జవాబు చెప్పాడు. నీళ్ళలో ముంచిన ఆకుల మీద ఎండ పడితే బుడగలు లేచాయి. చీకట్లో లేవలేదు. పైగా చీకట్లో మొక్క కూడా మనలాగే గాలిని పాడుచేస్తుందని ఆయన గమనించాడు. తొట్టెలో దీపం ఎందుకు వెలిగించాలో ఆనాడే తేలిపోయింది.

ఇక్కడి నుంచి కథలోకి ఆడవాళ్ళు వస్తారు. జాన్ విల్‌ప్రూ పవర్ ఫ్రాన్సులో పల్లెటూరి పిల్ల. పారిస్ చేరి బట్టలు కుట్టుకుని బతికింది. 1816లో ఒక రాకుమారి పెళ్ళిదుస్తులు కుట్టి పేరు తెచ్చుకుంది. ఒక వర్తకుణ్ణి పెళ్ళాడి సిసిలీ ద్వీపంలో కాపురం పెట్టింది. అక్కడ సముద్రంలో ఆర్గొనాట్ అనే జీవి వుంటుంది. అది తన గుల్లని తనే కడుతుందా, ఇంకొకరి గుల్లలో దూరుతుందా అని పండితులు తగువులాడుకుంటూంటే, ఆమె 1832లో గాజుతొట్టెలు చేయించి, అందులో ఆ జీవుల్ని పెంచి, తన గుల్లని తనే కట్టుకుంటుందని కళ్ళారా చూసి తేల్చింది. సూది పట్టిన చెయ్యి గాజుతొట్టె కూడా పట్టింది, చూశారా!

రెండో ఆమె ఆనా థిన్. లండనులో ఒక మతాధికారి భార్య. 1846లో సముద్రపుటొడ్డు నుంచి పగడపు జాతి జీవుల్ని కొన్నిటిని ఇంటికి తెచ్చుకుంది. మరి లండనులో సముద్రం లేదు కదా! నీళ్ళకి గాలి తగలాలని, తెరిచిన కిటికీ ముందు నిలబెట్టి, ఆ నీళ్ళని ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి రోజూ అరగంట, ముప్పావుగంట తిరగబోయించేది. మనం కాఫీ చల్లార్చినట్టు! ఆ పని చేసింది ఎవరనుకున్నారు? ఇంట్లో పనిపిల్ల. 1847లో ఆ నీళ్ళలో సముద్రపు నాచుమొక్కలు వేశాక ఆ శ్రమ తగ్గింది. యజమానురాలి పేరు పుస్తకాల్లో వుంది. రోజూ చేతులు నొప్పెట్టిన ఆ పిల్ల పేరు మాత్రం లేదు. ఈ మాట చదివినప్పుడు నాకు చాలాసేపు మరో పని తోచలేదు.

ఆ తరువాత లండనులోనే రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1849లో ఒక పన్నెండు గ్యాలన్ల పాత్రలో రెండు బంగారుచేపలు, వాలిస్నేరియా అనే పొడుగాటి ఆకుల మొక్క వేశాడు. మొదట్లో బాగానే వుంది. కొద్దిరోజులకి రాలిన ఆకులు కుళ్ళి, నీళ్ళు పచ్చబడ్డాయి. మనమైతే మొత్తం పారబోసి కడిగేసి వుండేవాళ్ళం. ఆయన నత్తల్ని వదిలాడు. అవి కుళ్ళిన ఆకుల్ని తిన్నాయి. చేప విడిచినది మొక్కకి, మొక్క విడిచినది చేపకి, మిగిలినది నత్తకి. ఎవరి వాటా వాళ్ళది. 1850లో ఈ సంగతి రసాయనశాస్త్ర సంఘానికి విన్నవించాడు. 1845లోనే ఇంగ్లండులో గాజు మీద పన్ను తీసేశారు. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో చేపల ఇల్లు తెరిచారు. మరుసటి ఏడు ఫిలిప్ హెన్రీ గాస్ రాసిన పుస్తకంతో "అక్వేరియం" అన్న మాట ఇంటింటికీ పాకింది. ఆ మోజు పదేళ్ళు కూడా నిలవలేదు. ఓపిక లేని ఇళ్ళలో తొట్టె నిలవదు మరి.

నేను పారేసిన క్రిప్టోకొరైన్‌కి మన తెలుగుదేశంతో ఒక చిన్న చుట్టరికం వుంది. 1781 నుంచి కొన్నేళ్ళు మన సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్. ఈ జాతిలో మన దేశపు వాగుల్లో పెరిగే ఒకదానికి, రెట్రోస్పైరాలిస్‌కి, ఆ పేరు పెట్టింది ఆయనే. ఆయన మన మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. మన చిత్రకారులచేత వందలకొద్దీ బొమ్మలు వేయించాడు. ఆ చిత్రకారుల్లో చాలామంది పేర్లూ మనకి దక్కలేదు, ఆ లండను పనిపిల్ల పేరులాగే. ఇంకో తమాషా, ఈ మొక్క మన చేమ, కందల కుటుంబానిదే! పువ్వుని ఒక గొట్టంలో దాచుకుంటుంది. దాని పేరుకి అర్థం కూడా "దాగిన గద" అనే.

వానల్లో నీళ్ళు ముంచెత్తే వాగుల్లో, ఎండల్లో నీరు తీసిన ఇసకలో బతకడం దాని అలవాటు. అందుకే పరిస్థితి మారగానే పాత ఆకు వదిలేసి, బలమంతా దుంపలో దాచుకుంటుంది. పైగా దుకాణానికి వచ్చే మొక్కల్ని తరచుగా నీళ్ళ పైన, తడిగాలిలో పెంచుతారు. ఆ ఆకు నీళ్ళలో పనికిరాదు. నీటికి తగిన ఆకు మళ్ళీ వేసుకోవాలి. కనక కరిగిన ఆకుల్ని మటుకు కత్తెరతో తీసేయండి. దుంప గట్టిగా వుంటే కదపకండి. వారాలు పట్టొచ్చు. చోటు మార్చారంటే మళ్ళీ మొదటికొస్తుంది.

ఇలాంటి నిదానపు మొక్క ఇంకొకటి అనూబియాస్. పశ్చిమ ఆఫ్రికా వాగుల నీడలో పుట్టింది. 1857లో షాట్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి ఈజిప్టువాళ్ళ పరలోక దేవుడు అనూబిస్ పేరు పెట్టాడు. నీడలో పెరుగుతుంది కనక! దీని లావాటి కాండాన్ని ఇసకలో పాతితే కుళ్ళిపోతుంది. నూలుదారంతో రాయికో, కర్రముక్కకో కట్టండి. దారం పాడయ్యేలోగా వేళ్ళు పట్టుకుంటాయి. జావా ఫెర్న్‌కీ ఇదే పద్ధతి. క్రిప్టోకొరైన్ అలాకాదు, వేళ్ళతో తింటుంది. దానికి ఇసకలోనే ఎరువు బిళ్ళ గుచ్చాలి.

నిదానపు మొక్కకి పెద్ద శత్రువు మన అత్యుత్సాహమేనండీ. ఎక్కువ వెలుతురు ఇస్తే త్వరగా పెరుగుతుందని పన్నెండు గంటలు దీపం వెలిగిస్తాం. ఆ మొక్క ఆకు నెలల తరబడి వుంటుంది. అది పెరిగేలోపల దాని మీద నాచు పెరిగిపోతుంది. ఆరేడు గంటల మెత్తని వెలుతురు చాలు. కిటికీ ఎండ నేరుగా పడనివ్వకండి. మొదటి నెలల్లో వాలిస్నేరియా లాంటి త్వరగా పెరిగే మొక్కలు కొన్ని పక్కన నాటితే, నాచుకి దక్కే తిండి అవి తినేస్తాయి. వారానికి పావువంతు నీళ్ళు మార్చండి, మొత్తం కాదు. కొళాయి నీళ్ళకి క్లోరిన్ విరగ్గొట్టే చుక్కలమందు వేశాకే పోయండి. తొట్టెకి సబ్బు తగలకూడదు. చేపకి రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత. మిగిలిందంతా కుళ్ళు కిందే లెక్క.

ఒక్క హెచ్చరిక. ఎక్కువైన మొక్కల్ని చెరువులో, కాలవలో పారేయకండి. 1950ల్లో సింహళం నుంచి అక్వేరియంలకోసం అమెరికా వెళ్ళిన హైడ్రిల్లా అక్కడి ఫ్లోరిడా చెరువుల్నీ కాలవల్నీ కమ్మేసింది. ఇప్పటికీ దాన్ని తీయించడానికి డబ్బు ధారపోస్తున్నారు. అందం కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువుల్ని ఏంచేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మిగిలిన మొక్కని ఎండలో ఎండబెట్టి కుండీ ఎరువులో కలపండి.

మా తొట్టెలో ఇప్పుడు మళ్ళీ క్రిప్టోకొరైన్ వుంది. ఈసారీ ఆకులు కరిగాయి. మా అబ్బాయి "అమ్మా, పారేద్దామా?" అన్నాడు. "ఉండరా, కాస్త ఆగుదాం" అన్నాను. ఇరవైమూడో రోజున, ఇసక మీద వేలిగోరంత ఆకు కనిపించింది. ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని చూశాం. మొక్కేనా అంటారేమో! కొత్తచోట కాలు నిలదొక్కుకోవడానికి వ్యవధి కావాలని మెట్టినింటికి వచ్చిన మనకి ఒకరు చెప్పాలా? ఆ వ్యవధి మనం అడిగి పొందామో, అడగకనే పొందామో గానీ, ఇవ్వడం మాత్రం మన చేతిలో వుంది.