మన్యం రక్తపూతపై నీలిరంగు

మెథిలిన్ బ్లూ నూలు బట్టలకు అద్దడానికి పుట్టిన రంగు. బొగ్గుతారు నుంచి కృత్రిమ రంగులు తీసే పరిశ్రమ జర్మనీలో ఊపు మీదున్న రోజుల్లో, 1876లో, బీఏఎస్ఎఫ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త హైన్రిక్ కారో దీన్ని తయారు చేశాడు. ఆ తర్వాత మూడేళ్లకు, 1879లో, గోదావరికి ఉత్తరాన రంప కొండల్లో ముఠాదారులు, కొండజనం కలిసి పితూరీ లేవదీశారు. దాన్ని అణచడానికి వచ్చిన బలగాలను మన్యం జ్వరం కూడా కుంగదీసింది. ఆ జ్వరం ఎందుకొస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ అల్జీరియాలో ఒక రోగి రక్తంలో మలేరియా క్రిమిని తొలిసారి చూసింది 1880లోనే. అదీ ఏ రంగూ అద్దకుండా, ఎంతో ఓపికపట్టి.

ఆ క్రిమిని సులువుగా పట్టిచ్చింది ఈ నీలిరంగే. బెర్లిన్‌లో పాల్ ఎర్లిక్ రంగులు ఏ కణానికి అంటుతాయి, దేనికి అంటవు అన్నది ఏళ్ల తరబడి పరిశీలించాడు. బతికున్న జంతువుకు మెథిలిన్ బ్లూ ఎక్కించి చూస్తే నరాల పోగులు నీలంగా తేలాయి. మలేరియా క్రిమి కూడా ఈ రంగును గబగబా పీల్చుకుంటుందని తెలిశాక, అంటుకున్న చోట దెబ్బ కూడా తీయవచ్చు కదా అని ఆయనకు తోచింది. 1891లో పాల్ గుట్మన్‌తో కలిసి బెర్లిన్ మోయబిట్ ఆస్పత్రిలో ఇద్దరు మలేరియా రోగులకు ఈ రంగునే మందుగా ఇచ్చాడు. ఇద్దరూ కోలుకున్నారు. అంటువ్యాధికి కృత్రిమ రసాయనాన్ని మందుగా వాడిన తొలి సందర్భంగా వైద్య చరిత్ర దీన్ని గుర్తిస్తుంది. అయినా క్వినైన్‌నే వైద్యులు ఎక్కువగా నమ్మారు. బేయర్ కంపెనీ శాస్త్రవేత్తలు మాత్రం ఈ అణువును మార్చి మార్చి చూసి 1920లలో ప్లాస్మోకిన్ తయారు చేశారు. ఆ వంశంలోదే ప్రైమాక్విన్. వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా ఈనాటికీ 14 రోజులు మింగించే మాత్ర అది.

రంపచోడవరం, మారేడుమిల్లి, వై.రామవరం, అడ్డతీగల ప్రాంతాల్లో ఈ రంగు చేసిన మేలు మాత్రం ప్రధానంగా గాజుపలక మీద జరిగింది. దేశ మలేరియా కార్యక్రమం దశాబ్దాలుగా వాడుతున్న జేఎస్‌బీ రంగును జస్వంత్ సింగ్, భట్టాచార్జీ 1944లో వెలువరించారు. ఆ పేరు వారి పేర్ల పొడి అక్షరాలే. మెథిలిన్ బ్లూను ఆమ్లం, పొటాషియం డైక్రోమేట్‌తో కాచి ఒక ద్రావణం చేస్తారు. రెండోది ఇయోసిన్ అనే ఎర్రరంగు. ఖరీదు తక్కువ, పని త్వరగా అవుతుంది. వేలు గుచ్చి తీసిన చుక్కతో ఒకే పలక మీద మందపు పూత, పల్చని పూత వేస్తారు. నీలి ద్రావణంలో అర నిమిషం పైచిలుకు ముంచి కడిగితే చాలు. సూక్ష్మదర్శిని కింద క్రిమి దేహం నీలంగా, దాని కేంద్రకం ఎర్ర చుక్కగా కనిపిస్తుంది. చంద్రవంక ఆకారం కనిపిస్తే అది ఫాల్సిపారం రకం మలేరియా. కొండ వాగుల పక్కన కోయ, కొండరెడ్డి పల్లెల నుంచి వచ్చిన రక్తపూతలను ఇలా ఒక్కొక్కటిగా చూసిన ల్యాబ్ టెక్నీషియన్ల పనికి చరిత్రలో దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు.

ఫాల్సిపారాన్ని వేళకు గుర్తించడమంటే మెదడును కాపాడటమే. ఆ క్రిమి చేరిన ఎర్ర రక్తకణాలు మెదడులోని సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుంటాయి. రక్తం ఆడదు, ఫిట్స్ వస్తాయి, రోగి స్పృహ తప్పుతాడు. బతికి బయటపడిన పిల్లల్లో కొందరికి మూర్ఛ, చదువులో వెనకబాటు మిగిలిపోతాయి. మెదడుకు మెథిలిన్ బ్లూ చేసిన సేవల్లో సందేహానికి తావులేనిది ఇదే.

మందుగా మెదడు మీద దాని ప్రభావం వేరే కథ. 1899లో ఇటలీ వైద్యుడు బొదోనీ మానసిక రోగులను శాంతపరచడానికి దీన్ని వాడాడు. ఈ రంగు నిర్మాణం శోధిస్తూ బెర్న్‌ట్సెన్ 1883లో తయారు చేసిన ఫినోథయజీన్ నుంచే చివరికి క్లోర్‌ప్రోమజీన్ వచ్చింది. 1952 తర్వాత పిచ్చాసుపత్రుల రూపురేఖలు మార్చిన మందు అది.

మతిమరుపుపై ఆశ 1996లో మొదలైంది. అల్జీమర్స్ రోగుల మెదడులో టావ్ అనే ప్రొటీన్ ముడులు పడకుండా ఈ రంగు అడ్డుకుంటుందని క్లాడ్ విష్చిక్ బృందం ప్రయోగశాలలో చూపింది. మరికొందరు ఎలుకల్లో ఇది మైటోకాండ్రియాకు చేయూతనిస్తుందని, కణాలకు శక్తి అందే దారిని తెరిచి ఉంచుతుందని గమనించారు. కానీ అసలు పరీక్ష ఫలితం 2016లో వెలువడింది. మెథిలిన్ బ్లూకు మరో రూపమైన మందును 891 మంది అల్జీమర్స్ రోగులపై 15 నెలలు పరీక్షించారు. మూత్రం రంగు మారడం వల్ల ఎవరికి ఏది ఇచ్చారో బయటపడకుండా, పోల్చి చూసే బృందానికి కూడా అతి తక్కువ మోతాదు ఇచ్చారు. ఆ బృందంతో పోలిస్తే పెద్ద మోతాదు తీసుకున్నవారికి జ్ఞాపకశక్తిలోగానీ రోజువారీ పనుల్లోగానీ అదనపు మేలు కనిపించలేదు. అదే ఏడాది అమెరికాలో 26 మంది ఆరోగ్యవంతులపై జరిగిన చిన్న అధ్యయనంలో ఒక్క మోతాదుతో జ్ఞాపక పరీక్షలో కొంత మెరుగుదల కనిపించింది. అంత చిన్న ఫలితాన్ని పట్టుకుని నీలి చుక్కలను తెలివిమందుగా అమ్మడం అన్యాయం.

ఆస్పత్రిలో దీనికి స్థిరమైన చోటు ఉంది. రసాయనాల వల్ల రక్తం ఆక్సిజన్ మోయలేని మెథమోగ్లోబినీమియాలో కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు నరానికి ఎక్కిస్తారు. ఐఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు వల్ల మెదడు మొద్దుబారినప్పుడు కూడా వైద్యులు దీన్ని వాడతారు. కుంగుబాటుకు సెరటోనిన్ పెంచే మాత్రలు వేసుకుంటున్నవారికి ఇస్తే ప్రాణాంతకం కావచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరించింది. జీ6పీడీ ఎంజైమ్ లోపం ఉన్నవారిలో ఇది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. తరతరాలుగా మలేరియాతో బతికిన ప్రాంతాల జనంలోనే ఈ లోపం ఎక్కువ. అందుకే మన్యంలో ఈ రంగును ఎవరికైనా మందుగా ఇచ్చే ముందు ఆ పరీక్ష చేయడం తప్పనిసరి.