రాసిన స్త్రీలు, వెతికి తెచ్చిన స్త్రీలు

1910లో మద్రాసులో వావిళ్ల వారు ఒక పాత శృంగార కావ్యాన్ని అచ్చువేశారు. పేరు 'రాధికా సాంత్వనము'. రాసింది పద్ధెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ఉన్న ముద్దుపళని, పరిష్కరించింది బెంగళూరు నాగరత్నమ్మ. అంతకుముందు 1887లో వచ్చిన ప్రతిలో కవయిత్రి తన వంశం చెప్పుకున్న భాగమూ, కొన్ని పద్యాలూ ఎగిరిపోయాయి. నాగరత్నమ్మ తాళపత్ర ప్రతి సంపాదించి వాటిని మళ్లీ చేర్చింది. అంతటితో ఊరుకోలేదు. 'ఆంధ్ర కవుల చరిత్ర'లో ముద్దుపళనిని తూలనాడిన కందుకూరి వీరేశలింగాన్ని పీఠికలోనే నిలదీసింది. మగ కవుల శృంగారానికి లేని తప్పు ఆడదాని శృంగారానికి ఎలా వచ్చిందన్నది ఆమె ప్రశ్న. జవాబు పోలీసుల రూపంలో వచ్చింది. 1911లో ప్రతులు పట్టుకుపోయారు, పుస్తకాన్ని నిషేధించారు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వానికి అధినేతగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం తొలగలేదు. 1952లో వావిళ్ల వారే మళ్లీ అచ్చువేశారు.

స్త్రీవాదం అనగానే చలం దగ్గర, 1927 నాటి 'మైదానం' దగ్గర కథ మొదలుపెట్టడం మనకు అలవాటు. నేనైతే నాగరత్నమ్మ దగ్గరే మొదలుపెడతాను. స్త్రీ రాసినదాన్ని ఇంకో స్త్రీ వెతికి, పాఠం సరిచూసి, దాని తరఫున వాదించి అచ్చులోకి తేవడమన్నది తెలుగులో ఇంత పకడ్బందీగా అంతకుముందు జరిగినట్టు కనపడదు. తర్వాతి నూరేళ్లలో మన స్త్రీల సాహిత్యం నిలిచిన ప్రతిచోటా ఇలాంటి సంపాదకురాలు ఒకరుంటారు. అలాంటివారు లేనిచోట మంచి రచన కూడా మట్టిలో కలిసింది.

వీరేశలింగాన్ని ఒక్క మాటతో కొట్టిపారేయలేం. తెలుగులో స్త్రీల కోసం మొదటి పత్రిక 'సతీహితబోధిని'ని 1883లో పెట్టింది ఆయనే. ఆడవాళ్లు చదవాలన్న పట్టుదల ఆయనది. ఏం చదవాలో తామే చెప్పాలన్న పట్టుదల కూడా ఆ తరం సంస్కర్తలందరిదీ. భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల'ను తన 'చింతామణి'లో వేసిందీ ఆయనే.

అచ్చమాంబ దగ్గర కాస్త ఆగాలి. 1874లో పుట్టి 1905లో కన్నుమూసింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు సాయంతో ఇంట్లోనే చదువుకుంది. కాపురం మధ్య పరగణాల్లో. తెలుగుదేశానికి దూరంగా ఉంటూనే దేశంలోని స్త్రీల జీవిత చరిత్రలు కూర్చి 1901లో మొదటి భాగం తెచ్చింది. ఆడవాళ్లు చదువుకు తగరన్న వాళ్లకు వాదనతో కాక పేర్లతో, ఉదాహరణలతో సమాధానం చెప్పిన పుస్తకమది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. అదే ఏడాది 'హిందూ సుందరి'లో 'ధనత్రయోదశి' అనే కథ రాసింది. దీపావళి ముంగిట పేదరికం మీదపడిన భర్త దొంగసొమ్ముకు ఆశపడితే, భార్య అతణ్ని వెనక్కి లాగుతుంది. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది. అంటే ఎనిమిదేళ్ల తేడా. అయినా తొలి తెలుగు కథ ఏదన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఒకే జవాబు నేర్పాయి. ఆమె కథలు ఒకచోట పుస్తకంగా చేతికందడానికి ఈ శతాబ్దం రావాల్సి వచ్చింది.

'హిందూ సుందరి'ని స్థాపించింది మగవాడే, సత్తిరాజు సీతారామయ్య. సంపాదకత్వం మాత్రం ఆడవాళ్లది. 1904లో పులుగుర్త లక్ష్మీనరసమాంబ కాకినాడ నుంచి 'సావిత్రి' నడిపింది. 1928లో డాక్టర్ కె.ఎన్. కేసరి మద్రాసులో 'గృహలక్ష్మి' మొదలుపెట్టారు. స్త్రీల మందు 'లోధ్ర' అమ్మకాల డబ్బుతో నడిచిన పత్రిక అది. స్త్రీల ఒంటి నొప్పులూ స్త్రీల అక్షరాలూ ఒకే ఖజానా నుంచి పోషణ పొందాయన్నమాట. కనుపర్తి వరలక్ష్మమ్మ 'శారద లేఖలు' అందులోనే వచ్చాయి, గృహలక్ష్మి స్వర్ణకంకణం మొదట 1934లో ఆమెకే దక్కింది. స్నేహితురాలికి ఉత్తరం రాస్తున్నట్టే ఉంటూ శారదా చట్టం గురించీ, ఖద్దరు గురించీ చర్చించిన ఆ నేర్పుకు ఇప్పటి వ్యాసకర్తలు కూడా అసూయపడాలి.

యాభైలు, అరవైలు, డెబ్బైలు మరో సంగతి. వారపత్రికల అమ్మకాలు రచయిత్రుల సీరియళ్ల మీద నడిచిన కాలమది. కొందరు మగవాళ్లు ఆడపేర్లతో రాశారంటే గిరాకీ ఎంతో ఊహించుకోవచ్చు. యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' 1976లో సినిమా కూడా అయింది. విమర్శకులు వీటిని పగటికలలని చప్పరించారు. నిజమే, చాలావరకు పగటికలలే. అయితే అద్దె గ్రంథాలయం నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదివే లక్షలాది స్త్రీ పాఠకులు తయారైంది ఆ నవలలతోనే. అదే అచ్చులో రంగనాయకమ్మ కుటుంబాన్ని కడిగేసింది. 'ఆంధ్రప్రభ'లో 'ప్రమదావనం' శీర్షికతో మాలతీ చందూర్ దశాబ్దాల పాటు పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చింది, తర్వాత 'పాత కెరటాలు'లో ప్రపంచ నవలలను తెలుగు ఇళ్లలోకి తెచ్చింది.

1978లో హైదరాబాదులో ఏర్పడిన స్త్రీశక్తి సంఘటన చేసిన పని వేరు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలను వాళ్ల నోటివెంటే రికార్డు చేసి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. తుపాకులు దాచినవాళ్లు, పిల్లల్ని వదిలి దళాల్లో తిరిగినవాళ్లు, పోరాటం ఆగాక ఇంటికి పొమ్మంటే నివ్వెరపోయినవాళ్లు మాట్లాడతారు అందులో. నా ఉద్దేశంలో ఆ దశాబ్దపు తెలుగు పుస్తకాల్లో దీన్ని మించింది లేదు. ముద్దుపళని, నాగరత్నమ్మల ఉదంతం దేశమంతటికీ తెలిసింది కూడా ఈ బృందంలోని కె. లలిత, సూసీ థారూ కూర్చిన ఇంగ్లీషు సంకలనం వల్లే.

ఓల్గా 'స్వేచ్ఛ' 1987లో వచ్చింది. జయప్రభ, కొండేపూడి నిర్మల, విమల, సావిత్రి, పాటిబండ్ల రజని రాసిన కవితల మీద పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. ప్రసవం, చూపులు, వంటిల్లు కవితా వస్తువులెలా అవుతాయని అడిగారు, అశ్లీలమన్నారు. నాగరత్నమ్మ ఎదుర్కొన్న నిందే ఎనభై ఏళ్ల తర్వాత మళ్లీ. అయితే ఈసారి ప్రతులు పట్టుకుపోయేవాళ్లు లేరు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో 'నీలిమేఘాలు' వచ్చి ఆ కవిత్వాన్ని ఒకచోట నిలబెట్టింది.

అయితే ఆ సంకలనాల్లోని 'స్త్రీ' ఎవరు? ఈ ప్రశ్న వేసింది దళిత, ముస్లిం స్త్రీలు. పొద్దున్నే పొలానికి పోయే ఆడదానికి వంటింటి చెర ఒక్కటే బాధ కాదని జూపాక సుభద్ర సూటిగా చెప్పింది. చల్లపల్లి స్వరూపరాణి 'మంకెనపువ్వు', షాజహానా 'నఖాబ్' ఆ వరసలోవే. వీటన్నిటిలో గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన 'నల్లపొద్దు'ది ప్రత్యేక స్థానం. 1921 నుంచి దళిత స్త్రీలు రాసినదాన్ని తవ్వి తీసి, తాడి నాగమ్మ లాంటి మరుగునపడిన రచయిత్రిని మళ్లీ మన ముందుంచింది. సవర్ణ స్త్రీవాదులు అచ్చమాంబ కోసం చేసిన వెతుకులాటను శ్యామల తనవాళ్ల కోసం తానే చేసుకోవాల్సి వచ్చిందన్నది మాత్రం మనం మింగాల్సిన చేదు.

ఈ శతాబ్దంలో పని తెర మీదికి మారింది. అమెరికాలో స్థిరపడిన నిడదవోలు మాలతి 2001లో 'తూలిక' పెట్టి తెలుగు కథలను ఇంగ్లీషులోకి తెచ్చారు, పాత తరం రచయిత్రుల గురించి ఓపిగ్గా రాశారు. పుట్ల హేమలత 'విహంగ'ను పూర్తిగా స్త్రీల సాహిత్యానికే నడిపారు. 1993లో కాగితం మీద మొదలైన 'భూమిక'ను కొండవీటి సత్యవతి ఏళ్ల తరబడి నిలబెట్టారు. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసి పెట్టిన పాత పత్రికల పుణ్యమా అని, నూరేళ్ల కిందటి సంచికలను ఇంట్లో కూర్చుని తిరగేయగలుగుతున్నాం. అయినా మధ్యలో దొరకని సంచికలు చాలా ఉన్నాయి. 2000 ఆగస్టు వరదలో హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన పుస్తకాలు నీట మునిగాయి. ఒకే ప్రతి ఒకే చోట ఉండడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది.

కాబట్టి పాఠకులకు నా విన్నపం: మీ ఇళ్లలో 'గృహలక్ష్మి', 'హిందూ సుందరి', 'ఆంధ్ర మహిళ' పాత సంచికలు ఉంటే తూకానికి వేయకండి. వేటపాలెం సారస్వత నికేతనానికో, సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో తెలియజేయండి. ఇచ్చే ముందు ఫోనుతోనైనా ప్రతి పేజీనీ ఫొటో తీసి పెట్టుకోండి.