మెల్‌బోర్న్ ట్రినిటీ: లౌకిక విశ్వవిద్యాలయం పక్కన చర్చి కళాశాల

భారతదేశంలో కళాశాల అనగానే పాఠాలు చెప్పి పరీక్షలకు పంపే విద్యాసంస్థ స్ఫురిస్తుంది. ఆస్ట్రేలియాలో ఆ మాటకు మరో అర్థమూ ఉంది. పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. వసతి, భోజనం, గ్రంథాలయం, సాయంకాలపు అదనపు బోధన సమకూర్చేది వసతి కళాశాల. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఆంగ్లికన్ చర్చి నెలకొల్పిన ట్రినిటీ కళాశాల ఇటువంటిదే.

1853లో స్థాపితమైన మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం లౌకిక సంస్థ. ప్రవేశానికి మతంతో నిమిత్తం లేదు. మత బోధనకు తరగతి గదిలో చోటు లేదు. అయితే ప్రాంగణానికి ఉత్తరాన ఆంగ్లికన్, ప్రెస్బిటీరియన్, మెథడిస్టు, కాథలిక్ శాఖలకు కళాశాలలు కట్టుకొనేందుకు స్థలాలు ప్రత్యేకించారు. మతాన్ని బోధన నుంచి తప్పించి, నివాసంలో అనుమతించిన రాజీ ఇది.

బిషప్ చార్లెస్ పెర్రీ హయాంలో 1870లో పునాదిరాయి పడిన ట్రినిటీ, 1872లో ప్రారంభమైంది. 1876లో బాధ్యతలు చేపట్టిన ఐర్లండ్ విద్వాంసుడు అలెగ్జాండర్ లీపర్ 1918 వరకు దానిని నడిపించారు. దరిమిలా ప్రెస్బిటీరియన్ల ఆర్మండ్ 1881లో, మెథడిస్టుల క్వీన్స్ 1888లో, కాథలిక్కుల న్యూమన్ 1918లో వెలిశాయి. ఆర్మండ్ కళాశాలకు భూరి విరాళమిచ్చిన ఫ్రాన్సిస్ ఆర్మండ్ నెలకొల్పిన శ్రామికుల విద్యాలయమే నేటి ఆర్ఎంఐటీ విశ్వవిద్యాలయం.

మహిళలకు చోటు

ట్రినిటీ చరిత్రలో ముఖ్యమైన అధ్యాయం స్త్రీ విద్యది. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం 1880లో మహిళలకు ప్రవేశం కల్పించేందుకు అంగీకరించింది. 1883లో బెల్లా గెరిన్ తొలి పట్టభద్రురాలయ్యారు. వైద్యవిద్య తలుపులు మాత్రం 1887 దాకా తెరుచుకోలేదు. తరగతిలో చోటు దొరికినా, దూర ప్రాంతాల నుంచి వచ్చే యువతులకు తలదాచుకొనే చోటు లేకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది. ఈ లోటు తీర్చేందుకు లీపర్ చొరవతో 1886లో అద్దె ఇళ్లలో ట్రినిటీ మహిళా వసతి గృహం మొదలైంది. ఆస్ట్రేలియాలో విశ్వవిద్యాలయ విద్యార్థినులకు ఏర్పడిన తొలి వసతి కళాశాల ఇదే. జానెట్ క్లార్క్ ఇచ్చిన 5 వేల పౌండ్ల విరాళంతో దానికి సొంత భవనం సమకూరింది. 1921లో ఆమె పేరు పెట్టుకొన్న ఈ సంస్థ, 1961లో స్వతంత్ర కళాశాల అయింది. ట్రినిటీ తన ప్రధాన వసతిలోకి విద్యార్థినులను చేర్చుకొన్నది మాత్రం 1974లోనే.

భారత్‌తో బంధం

పొరుగునున్న న్యూమన్ కళాశాలకు రూపశిల్పి, కాన్‌బెర్రా నగర ప్రణాళికను రూపొందించిన వాల్టర్ బర్లీ గ్రిఫిన్. లక్నో విశ్వవిద్యాలయ గ్రంథాలయ నమూనా పని మీద 1935లో భారతదేశానికి వచ్చిన ఆయన, 1937లో ఆ నగరంలోనే కన్నుమూశారు. సమాధి కూడా అక్కడే ఉంది.

నేడు ఈ కళాశాలలు అన్ని మతాల విద్యార్థులకూ ప్రవేశం కల్పిస్తున్నాయి. ట్రినిటీ విదేశీ విద్యార్థులకు విశ్వవిద్యాలయ ప్రవేశానికి ముందు చదివే సన్నాహక కోర్సునూ నిర్వహిస్తోంది. తెలుగు రాష్ట్రాల నుంచి మెల్‌బోర్న్ వెళ్లదలచినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. విశ్వవిద్యాలయంలో సీటు వచ్చినంత మాత్రాన వసతి కళాశాలలో గది దక్కదు. దానికి దరఖాస్తు వేరు, ఎంపిక వేరు, రుసుము వేరు. ఉపకార వేతనాలు ఉన్నప్పటికీ, చదువు ఖర్చుతో పాటు నివాస వ్యయాన్నీ ముందుగానే లెక్కించుకోవడం అవసరం.