పెరటి తలుపుకు పిల్లి కంత

బోధన్ శక్కర్‌నగర్‌లో ఒక ఇంటి పెరడు. పొద్దున ఎనిమిదైంది. గోడ అవతల కోసిన చేను. ఈ పేటకు పేరు తెచ్చిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 1937లో పెట్టినది, 2015 డిసెంబరులో మూతపడింది. అప్పటి చెరుకైనా ఇప్పటి వరైనా ఎలుకలకు ఒకటే. చేను కోయగానే ఇళ్ల మీద పడతాయి. అందుకే ఈ ఇంట్లో పిల్లి ఉంది. అది తలుపు గీరినప్పుడల్లా ఎవరో ఒకరు లేవాలి. అందుకే వడ్రంగి వచ్చాడు.

పెరటి గుమ్మం ముందు గొంతుకూర్చుని, ఆన్‌లైన్‌లో తెప్పించిన ప్లాస్టిక్ ఫ్రేమును అటూ ఇటూ తిప్పుతున్నాడు. మధ్యలో పైనుంచి వేలాడే రెక్క. వేలితో తోస్తే ఊగి, కింద అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది.

"గింత దానికి తలుపు కోస్తరా సార్? జాలి ఓ మూలకు చింపితే పాయె."

"దోమలొస్తయి కదనే" అంటాడు ఇంటాయన.

ముందు తలుపుకే పెట్టిద్దామనుకున్నాడు ఆయన. అమ్మ పడనివ్వలేదు. "గడపకు పసుపు రాసి బొట్లు పెడ్త. దాని నెత్తిన కంతేంది బిడ్డా?" ఆచారం సంగతి అలా ఉంచండి, లెక్క కూడా ఆమె వైపే ఉంది. ముందుది మందపాటి టేకు తలుపు, కోత తప్పితే వేలల్లో నష్టం. పెరటిది పాత పలకల తలుపు. కింది పలక పలచన, చుట్టూ ఉన్న చట్టాలను ముట్టకుండా దాన్నొక్కదాన్నే కోయొచ్చు. చట్టం తెగితే తలుపే సడలిపోతుంది.

ఇప్పుడు పిల్లిని కొలవాలి. టేపు చూడగానే అది గోడెక్కింది. అమ్మ ఎండు చేప చూపిస్తే దిగింది. భుజాల దగ్గర వెడల్పు, నేల నుంచి పొట్ట దాకా ఎత్తు చూస్తారు. కంత కింది అంచు పొట్ట ఎత్తుకు, పై అంచు వీపుకు కాస్త పైకి రావాలి. మీ ఇంట్లోది ఇంకా కూనే అయితే, ఎదిగాక ఎంతుంటుందో ఆ కొలత పెట్టించండి.

పెన్సిలు గీతకు నాలుగు మూలలా డ్రిల్లు దిగుతుంది. జిగ్‌సా మొదలవగానే చెవులు గింగురుమంటాయి. పొట్టు మీ పాదాల మీద రాలుతుంది, వేడెక్కిన కర్ర వాసన ముక్కుకు తగులుతుంది. పలక ముక్క ఊడి అటు పడుతుంది. కోసిన అంచులకు గరుకు కాగితం పట్టి వార్నిష్ పూస్తాడు, లేకుంటే మొదటి వానకే కర్ర ఉబ్బుతుంది. అటొకటి ఇటొకటి ఫ్రేములు పెట్టి మరలు బిగిస్తాడు. బలం కొద్దీ బిగిస్తే ప్లాస్టిక్ వంగి రెక్క రాసుకుంటుంది.

అంతా అయిందనుకునేసరికి అమ్మ అడుగుతుంది: "మరి కోతులు?"

అందరూ పిట్టగోడ వైపు చూస్తారు. పెద్ద కోతి ఇందులో పట్టదు గానీ చెయ్యి పెట్టగలదు, పిల్ల కోతి అయితే దూరనే దూరుతుంది. కంత పక్కనే తలుపు కింది గడియ ఉంది. వడ్రంగి మాట్లాడకుండా దాన్ని పీకి, లోపలికి చెయ్యి పెట్టినా అందనంత పైన బిగిస్తాడు. ఇవాళ చేసిన పనంతటిలో అసలు పని ఇదేనంటాను. ఇంగ్లండులో ఎక్సెటర్ పెద్ద చర్చి గడియారం కింది తలుపుకు ఇలాంటి కంతే ఉంది, ఎలుకలు పట్టే పిల్లి కోసం 1598లో కోయించారట. వాళ్లకు కోతుల బాధ లేదు కదా.

మొదట్లో రెక్కను పైకెత్తి టేపుతో అంటించి ఉంచండి. పిల్లి రాకపోకలు మరిగాక దించండి. ఫ్రేము మీద మీట ఉంటుంది: రావడం, పోవడం, రెండూ, పూర్తిగా బంద్. చీకటి పడగానే పిల్లిని లోపలికి పిలిచి బంద్ మీదికి తిప్పండి. కట్లపాము తిరిగేది రాత్రిళ్లే, రెక్క కింద సన్న సందు చాలు దానికి. పిల్లికి పనేం తగ్గదు, బియ్యం బస్తాలుండేదీ లోపలే.