స్త్రీవేషం – జనాదరణ – విపణి: స్థానం నరసింహారావు

పొన్నూరుకు ఇరువైపులా ఉన్న బాపట్ల, తెనాలి పట్టణాలు స్థానం నరసింహారావు (1902–1971) జీవితంలో కీలకమైనవి. మొదటిది జన్మస్థలం, రెండవది శ్రీరామవిలాస సభ నటునిగా ఆయనకు ప్రసిద్ధి తెచ్చిన ఊరు. సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి పాత్రలు ఆయన కీర్తికి ఆధారాలు. 1956లో పద్మశ్రీ లభించింది.

ఈ కీర్తిని కేవలం అనుకరణ నైపుణ్యంగా వివరించడం అసమగ్రం. కులస్త్రీ రంగస్థలమెక్కడాన్ని గర్హించిన సమాజమే, పురుషుడు ప్రదర్శించిన స్త్రీత్వాన్ని టిక్కెట్టు కొని ఆస్వాదించింది. వేషంలో ఉన్నంతసేపు నటుని పురుషత్వం గుర్తుకు రాకూడదు. వేషం తీశాక అది సందేహాస్పదం కాకూడదు. ఈ జంట షరతుల మీదనే అతని విపణి విలువ నిలిచింది.

సురభి సమాజాలలో స్త్రీలే స్త్రీపాత్రలు ధరించేవారు. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి సురభి కమలాబాయి. తెరపై నటీమణులు స్థిరపడేకొద్దీ స్త్రీపాత్రధారికి అవకాశం కుంచించుకుపోయింది. మరాఠీ నటుడు బాలగంధర్వ ‘ధర్మాత్మ’ (1935)లో ఏకనాథుడై, రెండేళ్లకే ‘సాధ్వీ మీరాబాయి’లో తిరిగి స్త్రీవేషం ధరించడం ఇక్కడ గమనార్హం. ప్రేక్షకాదరణ పొందిన రూపమే నటునికి ఎల్లగా మారింది. కాబట్టి స్త్రీవేష చరిత్రను లింగ నియమాల ఉల్లంఘనగా మాత్రమే కాక, ఆ నియమాలు విధించిన వృత్తి నిర్బంధంగానూ పరిశీలించాలి.